అక్క నడుముకు కట్టిన అయస్కాంతం

పోయిన ఆదివారం సెమిలిగుడ బజారు నుంచి వస్తూ అక్క ఇంటికి వెళితే ఆవిడ నడుముకు ఒక బెల్టు కనిపించింది, బీపీ మాత్రల డబ్బా కనిపించలేదు. జంక్షన్‌లో కొత్తగా దిగిన అయస్కాంత వైద్యుడు మాత్రలు మానెయ్యమన్నాడట. నెత్తురులో ఇనుముంది, అయస్కాంతం ఇనుమును లాగుతుంది, కాబట్టి నెత్తురు చక్కగా పరుగెడుతుంది, ఇదీ వాడి శాస్త్రం. మా ఫ్యాక్టరీ కాలనీలో సగంమంది నమ్మేశారు. కన్వేయరు మీద వేలాడే పెద్ద అయస్కాంతం ఖనిజంలో కలిసిన బోల్టులను లాగేసుకోవడం ఉద్యోగమంతా కళ్లారా చూసినవాళ్లం, మమ్మల్ని మోసగించడానికి మా అనుభవమే చాలింది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇనుము సంగతి నాకు నేర్పింది చనిపోయిన మా బావ, ఈ అక్క భర్తే. నేను ఫ్యాక్టరీలో చేరిన కొత్తలో ఆయన ల్యాబులో పనిచేసేవారు, డ్యూటీ దిగాక టీ కొట్టు దగ్గర లారీ డ్రైవర్లను సైతం కూర్చోబెట్టుకుని, అయస్కాంతం అంటుకోని స్టీలు చెంచా ఒకటి చూపించి, ఇందులోనూ ఇనుమే ఉంది, మరి ఎందుకు అంటుకోలేదో చెప్పమని నవ్వేవారు. ఇనుము ఉంటే చాలదు, దాని పరమాణువులు ఎలా అమరాయన్నదే లెక్క అనేవారు. నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిపిన మిశ్రలోహంలో బోరాన్‌కు సొంత అయస్కాంతత్వం లేదు, అయినా ఇనుప పరమాణువుల మధ్య కూర్చుని ఆ అమరికను నిలబెడుతుంది, నియోడిమియం వాటినన్నిటినీ ఒకే దిక్కుకు పట్టి ఉంచుతుంది, అందుకే అంత బలం. నెత్తురులోని ఇనుము అలా వరసకట్టదు, ఒక్కొక్క పరమాణువూ దేనికదే దూరదూరంగా ఉంటుంది.

ఇదంతా కేకలేస్తూ చెప్పి, బెల్టు చింపి, అందులో కుట్టిన ఆ మిశ్రలోహపు అయస్కాంతం బిళ్ల ఒకటి పట్టకారుతో గ్యాస్ పొయ్యి మీద బాగా కాల్చాను. చల్లారాక గుండుసూదిని కూడా లాగలేదు. అదే ఇనుము, అదే బోరాన్, వేడికి దిక్కులు చెదిరాయంతే. అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"సర్లేరా తమ్ముడూ, ఇది మోసమే. ఆడు మాత్రం అరగంట నా పక్కన కూకొని, నిద్ర పడతందా, ఏటి తింటన్నావని అడిగేడు. నువ్వు రెండు వీధుల అవతలే ఉన్నావు, ఎప్పుడైనా అడిగేవా?"

నేను లేచి మాత్రల డబ్బా వెతికి తెచ్చాను. ఆ పూట నా ఎదుటే మాత్ర మింగింది. ఫోను చేస్తే రోజూ మింగాననే అంటుంది కాబట్టి, ఇప్పుడు పొద్దున్నే నేనే వెళ్తున్నాను. ఆ దొంగ మీద కోపం చల్లారలేదు, కాకపోతే అందులో పెద్ద వాటా నా మీదికే మళ్లింది. ఒకప్పుడు మా కాలనీలో ఎవరికి ఒంట్లో బాగోలేకపోయినా పక్కింటివాళ్లకు ముందు తెలిసేది. ఇప్పుడు ముందు తెలుస్తున్నది ఆ జబ్బును సొమ్ము చేసుకునేవాడికి.