కౌంటరు దిగని బావ

మిక్సీలు, ఫ్యాన్లు, ఇస్త్రీపెట్టెలు బాగుచేసే సర్వీసు సెంటర్లో మా బావ ఫిర్యాదుల కౌంటరు చూస్తాడు. పాడైన వస్తువు చంకన పెట్టుకుని వచ్చినవాళ్ళు మొదట తిట్టేది ఆయన్నే. తిట్లన్నీ విని, మొహంలో ఒక్క గీత కదలకుండా "అర్థమైందండీ, ఎప్పట్నుంచి ఇలా ఉంది?" అనడం ఆయన ఉద్యోగం. అలా అనేసరికి ఎంత కోపిష్టికైనా సగం కోపం దిగిపోతుంది. మిగతా సగం వస్తువు చేతికొచ్చాక దిగుతుంది, లేదా పెరుగుతుంది.

ఏళ్ళ తరబడి బావ ఇల్లు ఊరికి ఒక కొసన, సెంటరు మరో కొసన ఉండేవి. రెండు బస్సులు మారాలి. పొద్దున్న ఎప్పుడు వెళ్ళాడో తెలియదు, రాత్రి వచ్చేసరికి కూరలన్నీ చల్లారిపోయేవి, ఆదివారం మనిషి మంచానికి అతుక్కుపోయేవాడు. అక్క పోరు పడలేక నేనే చెప్పులరిగేలా తిరిగి, సెంటరు వెనక వీధిలో ఒక వాటా చూసిపెట్టాను. వంటింటి కిటికీలోంచి చూస్తే సెంటరు వెనక తలుపు కనబడుతుంది. బావ అందులోంచి బయటికొచ్చాడంటే అక్క కంచం పెట్టేయొచ్చు.

"ఇన్నాళ్ళకి నాకో మొగుడున్నాడని తెలిసిందిరా" అంది అక్క, మారిన కొత్తలో.

కొన్నాళ్ళకి ఫోన్ చేసింది. "ఒరేయ్, ఒకసారి వచ్చి వెళ్ళు. మీ బావకి నామీద ఏదో కోపం."

"తిట్టాడా?"

"తిడితే బాగుండు. మర్యాద చేస్తున్నాడు."

సాయంత్రం వెళ్ళాను. బావ ఇంకా రాలేదు. అక్క వంటింట్లోకి తీసుకెళ్ళి గొంతు తగ్గించి చెప్పింది.

"కుళాయి కారుతోందన్నాన్రా. 'అర్థమైందండీ, ఎప్పట్నుంచి కారుతోంది? మీరేమైనా విప్పి చూశారా?' అన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో నన్ను 'అండీ' అన్న మనిషా?"

గుమ్మంలో నిలబడ్డ మేనకోడలు అందుకుంది. "నాకు తలనొప్పి అంటే, 'కింద ఎక్కడైనా పడిందా' అని అడిగారు మావయ్యా."

నేను నవ్వాను. అక్క నవ్వలేదు.

"ఇల్లు మారడం ఆయనకి ఇష్టం లేదేమోరా. నేనే పట్టుబట్టి మార్పించాను. వెనక్కి పోదామంటే పోదాం, నాకేం పంతం లేదు. కానీ నోరు తెరిచి చెప్పాలిగా. పక్కనే కూర్చుని పరాయివాడిలా మాట్లాడితే నేనేం అనుకోవాలి?"

అంతలో సెంటరు తలుపు తెరుచుకుంది. కిటికీలోంచి మాకు కనబడ్డ బావ, మేం ముందుగదిలోకి వచ్చేలోపే గుమ్మంలో ఉన్నాడు. నన్ను చూసి, "రండి, కూర్చోండి. ఏం పనిమీద వచ్చారు?" అన్నాడు.

"బావా, నేను."

"తెలుసు" అన్నాడు, ఏమాత్రం తెలియనట్టు.

అక్క నావైపు "చూశావా" అన్నట్టు చూసింది. నేను బావని భుజం పట్టుకుని వీధిలోకి నడిపించాను.

"అక్కమీద కోపమా?"

"నాకెందుకు కోపం? రెండు పూటలా వేడివేడిగా తింటున్నాను. అదేమన్నా అందా?"

"మరి ఇంట్లో ఆ 'అర్థమైందండీ' ఏమిటి?"

"నేనెప్పుడన్నాను?"

నిజంగానే తెలియదు ఆయనకి. కాసేపు తల గోక్కుని, తనలో తనే మాట్లాడుకుంటున్నట్టు అన్నాడు: "ఇదివరకు మొదటి బస్సులో, ఆ రోజు తిట్టినవాళ్ళందరికీ మనసులో సమాధానం చెప్పేవాణ్ణి. ఒక్కొక్కణ్ణీ ఉతికి ఆరేసేవాణ్ణనుకో. రెండో బస్సులో నిద్రపోయేవాణ్ణి. దిగేసరికి ఏమీ గుర్తుండేది కాదు. ఇప్పుడు ఒక్కడికి సమాధానం మొదలెట్టేలోపే ఇల్లొచ్చేస్తోంది."

"అయితే ఇంటికి వచ్చే ముందు బస్సెక్కి ఒక చుట్టు తిరిగి రా" అన్నాను, వేళాకోళానికి. నా వేళాకోళాన్ని ఇంట్లో ఎవరూ పట్టించుకోరు. ఆయనొక్కడే పట్టించుకున్నాడు.

మర్నాడు సాయంత్రం సెంటరు వెనక తలుపు తెరుచుకోలేదు. ముందు తలుపులోంచి వెళ్ళిపోయాడు కాబట్టి తెరుచుకోదు. అక్కకి ఆ సంగతి తెలియదు. సెంటర్లో దీపాలు ఆర్పేశాక నాకు ఫోన్ చేసింది. "వెళ్ళిపోయాడ్రా."

పరుగున వెళ్ళాను. బస్సు మాట నేనే అన్నానని చెబుదామనుకుని, అక్క మొహం చూసి మింగేశాను.

అక్కడ బావ మొదటి బస్సెక్కి, అందరితో తీరిగ్గా పోట్లాడాడు. మనసు తేలికైంది. కాళ్ళు అలవాటుగా రెండో బస్సెక్కాయి. హాయిగా నిద్రపట్టింది. అలవాటైన స్టాపులో దిగి, సగం నిద్రలోనే నడిచి, పాత ఇంటి గుమ్మంలో చెప్పులు విప్పి, ముందుగదిలో కుర్చీలో జారగిలబడి, "ఏమే, కాసిని మంచినీళ్ళియ్యి" అని కేకేశాడు.

నీళ్ళు వచ్చాయి. తెచ్చినవాడికి బారెడు మీసాలున్నాయి. ఆ ఇంట్లోకి కొత్తగా దిగిన డ్రిల్లు మాస్టారట.

"తాగండి" అన్నాడాయన. "తాగి, తమరెవరో సెలవివ్వండి."

బావ తాగాడు. గోడలు తనవే, గోడమీద ఫోటోలు తనవి కావు. ఉన్నదున్నట్టు చెప్పేశాడు. మాస్టారు మీసం దువ్వుకుంటూ అంతా విన్నాడు.

"అంటే, ఆఫీసు పక్కనున్న ఇంటికి వెళ్ళడానికి ఇంతదూరం వచ్చారన్నమాట."



ఇల్లు చేరేసరికి చొక్కా నలిగిపోయి, జుట్టు ఒక పక్కకి అంటుకుపోయి, ఆకలితో మండిపోతున్నాడు. గుమ్మంలోంచే మొదలెట్టాడు. "ఏమే, అన్నం పెట్టే ఉద్దేశం ఉందా, ఇలా గుడ్లప్పగించి చూస్తావా? ఒరేయ్, నువ్వేంట్రా ఇక్కడ? మీ ఇంట్లో పొయ్యి వెలగలేదా?"

అక్క కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఎక్కడికి పోయారండీ?" అని అడిగిందే గాని, జవాబు కోసం ఆగలేదు. గబగబా కంచాలు పెట్టింది. బావ తింటూ మీసాల సంగతి దాచబోయాడు గాని, మేనకోడలు గుచ్చిగుచ్చి అడిగి బయటికి లాగింది. ఇంట్లో అందరూ నవ్వారు, అక్క కూడా నవ్వింది. నవ్వుతూనే వంటింట్లోకి వెళ్ళి నన్ను పిలిచింది.

"దగ్గరుంటాడనే కదరా ఇల్లు మారాం. ఇప్పుడు మనిషిగా ఇంటికి రావాలంటే బస్సెక్కించి పంపాలా? ఇదేం లెక్కరా?"

"వెనక్కి మారిపోతారా మరి?" అన్నాను.

అక్క మజ్జిగ గిన్నె తీసుకుని ముందుగదిలోకి వెళ్ళింది. నేనూ వెనకే వెళ్ళి నా కంచం ముందు కూర్చున్నాను.

"రేపట్నుంచి ఒక బస్సు ఎక్కండి. రెండోది వద్దు."

బావ ముద్ద చేత్తో పట్టుకుని ఆలోచించాడు. "ఒకటైతే పోట్లాట అయిపోతుంది. మరి నిద్రో?"

"అది ఇంట్లో పోండి, నా కళ్ళముందు."

"అయితే అక్కణ్ణించి వెనక్కి వచ్చే బస్సులో ఏం చెయ్యాలే?"

అక్క నావైపు చూసింది. నేను కంచంలోకి చూశాను.