ఉపవాసం నాడు వెలిగిన పొయ్యి

మా ఇంట్లో శుక్రవారం సాయంత్రం దాకా పొయ్యి వెలగదు. మా అమ్మమ్మ మలేషియాలో, బటాంగ్ బెర్జుంటై ఎస్టేటులో రబ్బరు పాలు తీసే రోజుల నుంచీ ఉన్న కట్టడి అది. ఎస్టేటు పోయింది, మేం బంటింగ్ ఊరికి వచ్చేశాం, ఉపవాస ప్రార్థన మాత్రం మాతోనే వచ్చింది. నా పరీక్షలకీ, సైబర్‌జయలో నా ఉద్యోగానికీ అమ్మ కడుపు మాడ్చుకుంది. దేవుడి దగ్గర ఆమెకు పలుకుబడి ఉందని నేను ఇప్పటికీ నమ్ముతాను.

అలాంటి ఇంట్లో నా మనసుకు జబ్బు చేసింది. ఇలా సూటిగా చెప్పడానికే నాకు చాలా కాలం పట్టింది. ఆఫీసు దగ్గర కారు ఆపి, దిగలేక, స్టీరింగ్ పట్టుకుని ఏడ్చేదాన్ని. క్లినిక్‌లో డాక్టరమ్మ మాత్ర రాసింది. రోజూ పొద్దున్నే ఏదైనా తిని వేసుకోవాలి, మధ్యలో మానకూడదు. అమ్మ ఆ మాత్రలు చూసింది.

"శుక్రవారం ఇద్దరం ఉపాసం ఉందాం లా," అంది అంతే, ఇక్కడి వాళ్లందరిలాగే మాట చివర 'లా' తగిలించి.

ఉన్నాను. కాదంటే నాకు విశ్వాసం లేదనుకుంటుందని భయం. ఖాళీ కడుపున మాత్ర పడదు కనుక ఆ రోజు మాత్రా మానేదాన్ని. శనివారం తల తిరిగి మంచం దిగలేకపోయేదాన్ని. నా కోసం చేసే ఉపవాసమే నన్ను పడగొడుతోందని ఆమెతో ఏ నోటితో చెప్పను?

మాత్రలు మానుతున్నందుకు డాక్టరమ్మ గట్టిగా కోప్పడ్డాక, ఒక శుక్రవారం పొద్దున వంటింట్లోకి వెళ్లి పొయ్యి వెలిగించాను. అమ్మ బైబిలు మూసి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏటే ఇది?"

"ప్రార్థన మాననమ్మా. మాత్ర కూడా మానను. మానితే శనివారం లేవలేకపోతన్నాను."

రొట్టె ముక్క తీసి పళ్లెంలో పెట్టుకున్నాను. ఆమె ఏడుస్తుందనుకున్నాను. లేకపోతే దేవుడికి నా మీద చాడీలు చెబుతుంది, ఆయన దగ్గర ఆమెకు అంత చనువు మరి. ఆమె మాత్రం ఫ్రిజ్ తెరిచి గుడ్డు తీసింది.

"ఉత్తి రొట్టేటి లా, గుడ్డేసుకో. మునుపే సెప్పకూడదేటి?"

నాకు ప్రాణం లేచొచ్చింది. గుడ్డు తనే పెనం మీద కొట్టింది. నేను నిలబడే తినేశాను. అమ్మ గ్లాసుతో నీళ్లిచ్చి, నేను మాత్ర నోట్లో వేసుకునేదాకా అక్కడి నుంచి కదల్లేదు.

"నీ వంతు ఉపాసం నానుంటాను. నీ వంతు మాత్ర నాను మింగలేను గదా," అంది.

ఇప్పుడు శుక్రవారం పొద్దున మా ఇంట్లో ఒక్క గుడ్డుకి పొయ్యి వెలుగుతుంది. వెలిగించేది నేనే. కారులో ఏడవడం దాదాపు తగ్గిపోయింది. గుడ్డు వాసనకి నోరూరి అమ్మ హాల్లోంచి, "తొరగా తిను లా, నాకు సోదన!" అని అరుస్తుంది. నేను తిని, మాత్ర వేసుకుని, వెళ్లి ఆమె పక్కన మోకరిస్తాను.