మెర్వ్ కార్డు వెనక రాసింది

టాస్మానియా దీవిలోని హార్డింగ్స్ బేలో, ఫుటీ అనే ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ ఆడే క్లబ్బులో మెర్విన్ ట్రిఫిట్ నోరు తెరిచాడంటే, పక్కనున్నవాడు ముందుగా ఇంకో బీరు తెచ్చుకుని కూర్చోవడం మేలు. గురువారం ప్రాక్టీసు ముగిసి కుర్రాళ్ళు స్నానాలు చేసి వచ్చేసరికే ఆయన బారు చివరి స్టూలు ఎక్కి ఉంటాడు. తరతరాలుగా మన పిల్లల్ని సముద్రం దాటించి మెల్‌బోర్న్ జట్లకు ధారపోశాం, టాస్మానియాకు వాళ్ళు ఇచ్చింది బూడిద, ఇది మొదటి పాట. ఇన్నాళ్ళకు మనకంటూ ఒక జట్టు ఇస్తున్నారు సరే, రెండేళ్ళ కాంట్రాక్టు అవగానే ఒక్కొక్కడూ సంచీ సర్దుకుని అటే పోతాడు చూడండి, ఇది రెండో పాట. మూడోది టాకిల్ రూల్సు, అంటే బంతి ఉన్నవాణ్ణి ఎలా పట్టి ఆపాలన్న సంగతి. దానికి మాత్రం ఆయన స్టూలు దిగి నిలబడతాడు.

"పట్టుకుంటే తప్పు, పడేస్తే తప్పు. ఇంకేం మిగిలిందిరా? కుర్రాళ్ళ చేతికి తలో పూలచెండు ఇచ్చి పంపండి."

"నువ్వు ఆడిన రోజుల్లో ఈ రూల్సుంటే నీకీ బుర్ర ఇంకాస్త మిగిలేదిరా," అనేవాడు స్నోయీ. క్లబ్బు ప్రెసిడెంటు, మెర్వ్‌కు బడి రోజుల నుంచీ జతగాడు. చిన్నప్పుడు తెల్లటి జుట్టుండేదని ఆ పేరొచ్చింది. ఇప్పుడా జుట్టూ లేదు, పేరు మాత్రం మిగిలింది.

అందరూ నవ్వేవారు, మెర్వ్ కూడా నవ్వేవాడు. రెండొందల పద్నాలుగు మ్యాచులాడాడు. ఆరుసార్లు స్పృహ తప్పాడు, ఆయనకు గుర్తున్నంతవరకు. పంతొమ్మిది వందల ఎనభై నాలుగులో అవతలి జట్టువాడు మోచేత్తో దవడ విరగ్గొడితే, తీగలు కట్టిన దవడతోనే లీగు వాళ్ళు విచారణ జరిపే ట్రైబ్యునల్‌కు వెళ్ళి, "కాలు జారి పడ్డాను" అని కాగితం మీద రాసిచ్చి వచ్చాడు. ఆ కాగితం నేటికీ బారు వెనక అద్దాల ఫ్రేములో వేలాడుతోంది. మైదానంలో జరిగింది మైదానం దాటకూడదు. మా తీరంలో పిల్లలకు అక్షరాలకన్నా ముందు వచ్చే పాఠమది. ఎవడైనా మీద మీదకొచ్చి చావగొట్టినా సరే, ట్రైబ్యునల్లో వాడి పక్క నిలబడి "ఏం లేదు సార్, ఆటలో మామూలే" అనాలి. అన్నవాడు మగాడు, అననివాడికి బతికినన్నాళ్ళూ బీరు పోసే దిక్కుండదు.

మోకాళ్ళు పోయాక మెర్వ్ తెల్లకోటు తొడుక్కుని గోల్ అంపైరయ్యాడు. శనివారం మధ్యాహ్నం, నాలుగు గోల్ కంబాల నడుమ, సముద్రపు గాలి చెవులు కోస్తుంటే రెండు జెండాలు పట్టుకుని నిలబడతాడు. గోలు పడితే రెండు జెండాలు ఊపి, జేబులోని కార్డు మీద పెన్సిల్‌తో గీత గీస్తాడు. బంగాళాదుంపల చిప్సు ఫ్యాక్టరీలో ముప్ఫయ్యొక్క ఏళ్ళు లారీలు తూకం వేసిన మనిషి, గీత గీయడంలో ఎన్నడూ తప్పలేదు. అయితే రెండేళ్ళుగా ఆ కార్డు వెనక ఇంకా చాలా రాసుకుంటున్నాడు. పాలు తేవాలి. స్నోయీ మనవరాలి పేరు ఫలానా. పేర్లు జారిపోతున్నాయి మరి. ఆ సంగతి భార్య నొయెలీన్‌కు తప్ప ఎవరికీ తెలియదనుకున్నాడు.

ఆ శనివారం లోయర్ మార్ష్ జట్టుతో ఆట. హార్డింగ్స్ బే తరఫున వెనక వరసలో ఆడుతున్నది జెడ్, మెర్వ్ కూతురి కొడుకు, పంతొమ్మిదేళ్ళవాడు. వాళ్ళమ్మ హోబర్ట్‌లో కొత్త కాపురం పెట్టాక వాడు తాత దగ్గరే పెరిగాడు. రాష్ట్రం కొత్త జట్టు కోసం పెట్టే శిక్షణ క్యాంపుకు రమ్మని వాడికి ఉత్తరం వచ్చింది. అది ఇంట్లో ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది. క్యాంపులో నచ్చితే ఏడాది కాంట్రాక్టు. నెలాఖరుకు ప్రయాణం.

చివరి క్వార్టరులో, మెర్వ్‌కు పదడుగుల దూరంలో, లోయర్ మార్ష్ కుర్రాడు కోల్బీ బంతి అందుకున్నాడు. జెడ్ వెనక నుంచి పట్టాడు. రెండు చేతులూ కలిపి బిగించాడు. ఆట ఆపమని మైదానంలోని అంపైరు విజిల్ ఊదాడు. ఊది, వెనక చొక్కాలు పట్టుకుని తోసుకుంటున్న ఇద్దర్ని విడదీయడానికి అటు తిరిగాడు. వీడియో తీసే కెమెరా కూడా ఆ తోపులాటకేసే తిరిగింది. అప్పుడు జెడ్ కోల్బీని పైకెత్తి, గిర్రున తిప్పి, తలను నేలకేసి కొట్టాడు. ఆపుకోవడానికి ఆ కుర్రాడికి చేతులు లేవు. ఆ చప్పుడు మెర్వ్ కడుపులో పడింది.

కోల్బీని స్ట్రెచర్ మీద తీసుకుపోయారు. మెర్వ్ చెయ్యి అలవాటు చొప్పున కార్డు తిప్పింది. "మూడో క్వార్టరు. విజిల్ తర్వాత జెడ్ తిప్పి కొట్టాడు. రెండు చేతులూ పట్టి." ఏం రాస్తున్నాడో చూసుకోలేదు. ఎక్కడ మరిచిపోతానో అన్న భయంతో రాశాడంతే. ఆట ముగిసిన సైరన్ మోగాక కార్డును కవరులో పెట్టి ఎప్పటిలాగే లీగు వాళ్ళకిచ్చేశాడు. ఆదివారం పొద్దున టోస్టు మీద వెన్న రాస్తుండగా గుర్తొచ్చింది. కత్తి చేతిలోనే ఉండిపోయింది. తన వేలితో తన కన్నే పొడుచుకున్నాడు.

సోమవారానికి లీగు నుంచి ఫోనొచ్చింది, మంగళవారం సాయంత్రం ట్రైబ్యునల్, సాక్షిగా రమ్మని. ఆ వెంటనే స్నోయీ దిగబడ్డాడు.

"ఏం రాశావురా నాయనా అందులో?"

"చూసింది రాశాను."

"రాసేటప్పుడు వాడు నీ మనవడని గుర్తుందా?"

"రాసేటప్పుడు ఏమీ గుర్తులేదు. అందుకే రాశాను."

స్నోయీ టీ కప్పు పక్కన పెట్టాడు. "సరే, ఇందులో కష్టమేముంది? సరిగ్గా గుర్తులేదు అను. రెండు ముక్కలు. నిన్నెవరూ తప్పు పట్టరు. నాలుగు వారాలు సస్పెండ్ చేశారంటే క్యాంపు పోయినట్టే. ఈ ఊరి నుంచి ఒక్కడు పైకెళ్ళి ఎన్నేళ్ళయిందో నీకు తెలుసు కదా."

మెర్వ్‌కు తెలుసు. సరిగ్గా గుర్తులేదు అన్న ఆ రెండు ముక్కలే ఆయన రెండేళ్ళుగా ఎవరి ముందూ అనకుండా నెట్టుకొస్తున్నాడు. అవి ఒకసారి నోరు దాటితే మళ్ళీ లోపలికి రావు. అలాగని చూసింది చెబితే మనవడి బతుకు మీద మన్ను పోసినట్టు. ముందు చూస్తే నుయ్యి, వెనక చూస్తే గొయ్యి.

ఆ సాయంత్రం జెడ్ వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"విజిల్ వినలేదా నువ్వు?" అని అడిగాడు మెర్వ్.

"లేదు తాతా." వాడు ఫ్రిజ్ తలుపు తీసి, అందులోకి చూస్తూ అన్నాడు.

మంగళవారం పొద్దున మందుల షాపు వరసలో ఒకామె మెర్వ్ మోచెయ్యి తాకింది. రొవీనా, కోల్బీ తల్లి. మూడు రాత్రులుగా నిద్రలేని ముఖం.

"మిమ్మల్ని ఇబ్బంది పెట్టాలని కాదు," అంది. "కోల్బీ లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయి. డాక్టర్లు ట్రాక్టరు ఎక్కొద్దన్నారు. అది సరే, తగ్గుతుంది. కానీ వాడే తల దించి నేలలోకి దూరాడని అందరూ అంటున్నారు. వాడికేమీ గుర్తులేదు. వాడూ అదే నమ్మేస్తున్నాడు. నావల్లే అమ్మా అంటున్నాడు. మీరు దగ్గరే ఉన్నారు కదా."

మెర్వ్ వరసలోంచి తప్పుకున్నాడు. మందు తీసుకోకుండానే బయటికొచ్చేశాడు. ఏం మనుషులమండీ మనం. దెబ్బ తిన్నవాడి చేత క్షమాపణ చెప్పించుకుంటున్నాం.

ట్రైబ్యునల్ అంటే పెద్ద కోర్టేమీ కాదు. కౌన్సిల్ హాల్లో ఒక బల్ల, దాని వెనక ముగ్గురు, మూలన ఒక హీటరు. జెడ్ తరఫున మాట్లాడేది స్నోయీ. మెర్వ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, టై కట్టుకుని వెళ్ళాడు. గదిలోకి వెళ్ళేదాకా ఏం చెప్పాలో తేల్చుకోలేదు. చైర్మన్ "ఏం చూశారు?" అని అడిగాడు. కడుపులో పడిన ఆ చప్పుడు మళ్ళీ వినబడింది.

"విజిల్ అయింది. అయ్యాక మావాడు తిప్పి కొట్టాడు. చేతులు రెండూ పట్టేశాడు. ఆ కుర్రాడు తల దించలేదు. దించడానికి వాడికి సందే లేదు."

మెర్వ్‌కు గుండెల మీంచి బండ దిగినట్టయింది. అది ఎంతోసేపు నిలవలేదు.

స్నోయీ లేచాడు. గొంతు పెంచలేదు, నవ్వుతూనే మొదలెట్టాడు. "మెర్వ్, ఈ రూల్సు ఆటను చంపేశాయని ముప్ఫయ్యేళ్ళుగా మా చెవులు తూట్లు పొడిచావు. ఎప్పుడు మనసు మారింది?"

"మారలేదు. అది టాకిల్ కాదు. ఆట ఆగిపోయాక కొట్టాడు."

"సరే. కార్డు మీద మూడో క్వార్టరు అని రాశావు. జరిగింది నాలుగో దాంట్లో."

మెర్వ్ కార్డు చేతిలోకి తీసుకుని చూశాడు. మూడు అనే ఉంది. తన చేతిరాతే.

"అంతకుముందు వారం మనం ఎవరితో ఆడాం?"

మెర్వ్ నోరు తెరిచాడు. మైదానం కళ్ళముందుంది, బురద, వాన, అవతలివాళ్ళ ఎర్ర చారల చొక్కాలు. పేరు రాలేదు.

"పోనీలే. ఈ చైర్మన్‌గారితో కలిసి నువ్వు ఎనిమిదేళ్ళు ఆడావు. ఆయన పేరు చెప్పు."

చైర్మన్ తల వంచుకున్నాడు. మెర్వ్ ఆ ముఖం వంక చూస్తూ నిలబడ్డాడు. ఆ మనిషి పెళ్ళిలో తాగింది గుర్తుంది, ఎడమకాలితో బంతి తన్నేవాడని గుర్తుంది. హీటరు గుయ్యిమంటోంది.

"పోయిన నెల నువ్వు బండి తీసుకెళ్ళి వేరేవాళ్ళ వాకిట్లో ఆపి, తాళంచెవి పట్టడం లేదని గంటసేపు గింజుకున్నావట. నొయెలీన్ మా ఆవిడతో చెప్పుకుని ఏడ్చింది," అన్నాడు స్నోయీ చాలా మెత్తగా. "నేను ఇది అడగాల్సి వచ్చినందుకు నన్ను క్షమించరా."

తర్వాత జెడ్‌ను అడిగారు. విజిల్ విన్నావా? వినలేదు సార్. తిప్పావా? ఇద్దరం కలిసి పడిపోయాం సార్. వాడు బల్ల అంచు వంకే చూశాడు. పది నిమిషాల్లో తేల్చేశారు, ఆధారాలు చాలవని. వెళ్ళేటప్పుడు చైర్మన్ మెర్వ్ భుజం తట్టాడు. ఆ తట్టడం చాలు మనిషిని పాతిపెట్టడానికి.

బండి జెడ్ నడిపాడు. ఒక పక్క సముద్రం, ఒక పక్క దుంపల పొలాలు. మెర్వ్ ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఆ శనివారాన్ని మళ్ళీ మళ్ళీ తిరగేసుకుంటున్నాడు. విజిల్ ముందా, తిప్పడం ముందా? మూడా, నాలుగా? ఒకవేళ తనే ఎక్కడో పాతది తెచ్చి ఇక్కడ అతికించాడేమో. తన దవడ విరిగిన రోజును తెచ్చి ఆ పిల్లాడి మీద పెట్టాడేమో. ఇంత భయం ఆయనకు ఏ మైదానంలోనూ వెయ్యలేదు.

వంతెన దాటాక జెడ్ రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు. "తాతా, నువ్వు చూసింది కరెక్టే."

"విజిల్?"

"విన్నాను. కోపమొచ్చింది. అంతకుముందు వాడు నన్నేదో అన్నాడు."

మెర్వ్‌కు ముందుగా వచ్చింది కోపం కాదు, సంతోషం. బుర్ర బాగానే ఉంది. కళ్ళు బాగానే ఉన్నాయి. ఆ తర్వాతే మనవడి ముఖం కనబడింది.

"మరి అక్కడెందుకు నోరు మూసుకున్నావురా? నన్నలా నిలబెట్టి తోలు వలుస్తుంటే?"

"ఏడాది కాంట్రాక్టు తాతా. మళ్ళీ అడగరు."

"ఆ కోల్బీ తల్లికి చెప్పాలి నువ్వు."

"చెప్తాను. క్యాంపు అయ్యాక."

"ఇవాళ మీ అమ్మమ్మకైనా చెప్పు. ఇంట్లోనైనా నన్ను పిచ్చివాణ్ణి చెయ్యకు."

"సరే తాతా. చెప్తాను."

నొయెలీన్ గుమ్మంలోనే ఎదురుచూస్తోంది. మెర్వ్ కోటు తనే విప్పింది. బల్ల మీద బఠాణీ సూపు, కోసిపెట్టిన బ్రెడ్డు. స్నోయీ అప్పటికే ఫోన్ చేశాడట.

"ఎవరికీ నీ మీద కోపం లేదయ్యా. వచ్చే శనివారం నుంచి జెండాలు వేరేవాళ్ళు పడతార్లే," అంది, ఆయన చెయ్యి తన చేతిలోకి తీసుకుని. "గురువారం డాక్టరుగారి దగ్గర టైము తీసుకున్నాను. నేనూ వస్తాను. జరిగిందంతా నేనే చెప్తాను, నువ్వు కంగారుపడకు."

మెర్వ్ జెడ్ వైపు చూశాడు. జెడ్ సూపులో బ్రెడ్డు ముంచుకుంటున్నాడు.

"చెప్పరా," అన్నాడు మెర్వ్.

"ఏంటి తాతా?"

"కారులో చెప్పింది." మెర్వ్ భార్య వైపు తిరిగాడు. "వీడు విజిల్ విన్నాడు నొయెలీన్. నేను చూసింది నిజమేనట. ఇందాక వంతెన దాటాక నాతో అన్నాడు."

నొయెలీన్ మనవడి వంక చూసింది. జెడ్ తల ఎత్తాడు. అమ్మమ్మ కళ్ళలోకి చూస్తూ, తాత మీద జాలిపడుతున్నట్టు, మెల్లగా తల అడ్డంగా ఊపాడు.

"అన్నాడులే," అంది నొయెలీన్, మెర్వ్ వీపు నిమురుతూ. "ముందు సూపు తాగు. చల్లారిపోతోంది."