ముగ్గు చెరిగిన చోటు

ముగ్గుపిండి వాసన తగిలితే అందరికీ పండగలు గుర్తొస్తాయి. నాకు మాత్రం నేను రాసిన ఒక ఫిర్యాదు గుర్తొస్తుంది. ఈ ఉదయం లోయర్ ట్యాంక్ బండ్ దగ్గర రోడ్డు అంచున వంగి డబ్బాలోంచి ముగ్గుపిండి వదులుతున్నాను. నేల ఇంకా చెమ్మగా ఉంది. సున్నపు ఘాటు ముక్కుకు తగలగానే యాదగిరిగారు పక్కనే నిలబడి, "లైను వంకర పోతున్నది మేడమ్" అన్నట్టు అనిపించింది.

ఆయన మా మున్సిపల్ రోడ్ల ఆఫీసులో వర్క్ ఇన్‌స్పెక్టర్. నేను ఇంజనీరుని. హోదాలో ఆయన నాకంటే కింద, రోడ్డు సంగతుల్లో నాకంటే చాలా పైన. ఈ రెండో మాట ఒప్పుకోవడానికి నాకు ఏడాది పట్టింది, ఆ ఏడాదిలో జరగరానిది జరిగింది.

తప్పు నా స్వభావానిదే. మా తాతగారు తెనాలి నుంచి వచ్చి చిక్కడపల్లిలో స్థిరపడిన నాటి నుంచీ మా ఇంట్లో ఎవరూ ఎవరినీ ఒక పట్టాన నమ్మలేదు. పాలు పొంగితే నీళ్లు కలిపాడనీ, పొంగకపోతే పొడి కలిపాడనీ అనుకునే కుటుంబం మాది. ఆ బుద్ధితోనే ఉద్యోగంలో చేరాను. మేస్త్రీ నవ్వితే అనుమానం, నవ్వకపోతే ఇంకా అనుమానం. అదే నిజాయితీ అనుకునేదాన్ని.

నారాయణగూడ చౌరస్తా బాగుచేసే పని మాకు వచ్చింది. నడిచేవాళ్లు దాటడానికి తెల్లచారలు, వాళ్లకు వేరే సిగ్నల్, సైకిళ్లు ఫుట్‌పాత్ దిగి ఎక్కడానికి వాలు. డ్రాయింగు ముచ్చటగా ఉంది. దాన్ని యాదగిరిగారు తన సైకిల్ క్యారియర్ మీద పరిచి, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, చాలాసేపు చూశారు.

"మేడమ్, ఇది గీసినాయన ఎప్పుడన్న బస్సు దిగిండా?"

"అదేం ప్రశ్న? పెద్ద కన్సల్టెంట్లు గీశారు."

"గందుకే అడుగుతున్న. దాటే జాగ ఇరవై అంగలు ముందట ఉండాలె. మల్లేశ్ సైకిల్ దుకాణం ముంగట."

"ఎందుకు?"

"చెప్తే నమ్మరు మీరు. పొద్దుగాల ఆరింటికి రండ్రి, చూపిస్త."

మల్లేశ్ దుకాణం అనగానే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. యాదగిరిగారు రోజూ చాయ్ తాగేది అక్కడే. పంక్చర్ వేయించుకోవడానికి వచ్చినవాళ్లతో గంటలు గంటలు ముచ్చట్లు పెట్టేదీ అక్కడే. దుకాణం ముందు దాటే దారి పడితే గిరాకీ ఎవరికి పెరుగుతుందో తెలుసుకోవడానికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు.

మర్నాడు వెళ్లాను. ఆయన చెప్పినట్టు ఆరింటికి కాదు, చెప్పకుండా ముందే వెళ్లి ఎదురుగా ఉన్న మెడికల్ షాపు అరుగు మీద నిలబడ్డాను. అనుకున్నదే కనిపించింది. యాదగిరిగారు డబ్బా పట్టుకుని రోడ్డు వారన పొడుగ్గా ముగ్గు గీత వేస్తున్నారు. గీత సరిగ్గా మల్లేశ్ దుకాణం ముందుదాకా వచ్చి ఆగింది. మల్లేశ్ చాయ్ అందించాడు, ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు ఇంకేమీ చూడాలనిపించలేదు. ఇంకో గంట అక్కడే నిలబడి ఉంటే నా బతుకు ఇంత బరువయ్యేది కాదు.

ఆఫీసుకు వెళ్లి పై అధికారికి రాశాను: మంజూరు కాకముందే, పరిచయస్తుడి దుకాణానికి అనుకూలంగా, రోడ్డు మీద గుర్తులు పెడుతున్నారని. వారంలో యాదగిరిగారిని గోదాముకు మార్చారు. అప్పటికి ఆయనకు నాలుగు నెలల సర్వీసు మిగిలింది. వెళ్లే రోజు నా బల్ల దగ్గరికి వచ్చి తాళంచెవులు పెట్టి, "పోయొస్త మేడమ్" అన్నారు. అంతే. కోపం చూపించకపోతే ఇంకేదో దాస్తున్నారని అనుకున్నాను!

డ్రాయింగులో ఉన్నచోటే, బస్సు షెల్టరు దగ్గర, పని పూర్తయింది. చారలు తళతళలాడాయి. సిగ్నల్ ఆకుపచ్చగా వెలిగేది, ఆరేది. ఆ చారల మీద మాత్రం మనుషులు నడవలేదు. అప్పుడు జనాన్ని అనుమానించాను. మనవాళ్లకు క్రమశిక్షణ లేదని ఆఫీసులో ఉపన్యాసం కూడా ఇచ్చాను.

ఒక సాయంత్రం మల్లేశ్ దుకాణం ముందు గుమిగూడిన మనుషుల్ని చూసి ఆగాను. ముందు చక్రం వంగిపోయిన సైకిల్ ఒకటి గోడకు ఆనించి ఉంది. అశోక్ నగర్‌లో గది కిరాయికి తీసుకుని సర్కారు ఉద్యోగ పరీక్షలకు చదువుతున్న సుజాతది. లైబ్రరీ నుంచి వస్తూ, సైకిల్ నడిపించుకుంటూ అక్కడ దాటబోతే ఒక మోటారు సైకిల్ గుద్దింది. కుడి మణికట్టు విరిగింది. పరీక్షకు పది రోజులే ఉంది.

"చారలు అక్కడుంటే ఇక్కడెందుకు దాటింది?" అన్నాను. ఆ మాట అడిగినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

మల్లేశ్ నా ముఖంలోకి చూశాడు. "అందరు ఈడనే దాటుతరు మేడమ్. బస్సు షెల్టరు కాడ బస్సు ఏనాడు ఆగింది? ఆటోలు అడ్డముంటయని ముందటికొచ్చి ఈడ ఆగుతది. దిగినోళ్లు దాటుతరు, వాళ్ల ఎంబడి సైకిలోళ్లు దాటుతరు. యాదగిరి సార్ పొద్దుగాల ముగ్గు పోసి, గంటకు చూసెటోడు. ఏడ తొక్కి చెరిపిన్రో గదే దారి అనెటోడు. ఆడ షెల్టరు నుంచి ఈడిదాంక పోస్తె, నా దుకాణం ముంగటనే చెరిగిపోయేది."

చిన్నప్పటి నుంచీ ఆ బస్సులు ఎక్కి దిగినదాన్ని నేను. షెల్టరు దగ్గర బస్సు ఆగదని నాకు తెలియకేం! తెలిసీ కాగితాన్ని నమ్మాను, మనిషిని నమ్మలేదు. నాలా పప్పులో కాలు ఇంకెవరూ వేసి ఉండరు.

ఆ ఆదివారం నల్లకుంటలో ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. గుమ్మంలోనే, "ఫిర్యాదు రాసింది నేనే" అన్నాను.

"ఎరికే," అన్నారు. "లోపలికి రండ్రి."

సుజాత సంగతి చెప్పి ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. నీళ్లు ఇచ్చి, నేను తాగేదాకా ఆగి, "నన్ను అనుమానించిన్రు, మంచిదే. ఈ నౌకరిల అనుమానం ఉండాలె. కాని ఆ కాయితాన్ని గూడ జర అనుమానించాల్సిండె" అన్నారు. తర్వాత లోపలికి వెళ్లి ముగ్గుడబ్బా తెచ్చి నా చేతికిచ్చారు. "ఆ పిల్లకు తాకిన దెబ్బను మళ్ల ఎనకకు తేలేం మేడమ్. జాగైతే మార్పియ్యొచ్చు."

తప్పు నాదేనని రాసిచ్చి దారి మార్పించడానికి ఐదు నెలలు పట్టింది. అప్పటికి ఆయన రిటైరయ్యారు. కొత్త చారల మీద మొదటి రోజు సైకిల్ పట్టుకుని ఆయనే వచ్చారు. ఆకుపచ్చ దీపం వెలిగినా రెండు వైపులా తొంగి చూస్తూ నిలబడ్డారు.

"ఇంకా నమ్మకం లేదా యాదగిరిగారూ?"

"మీ గీత మీద ఉన్నది మేడమ్. బస్సు మీద లేదు."

సుజాత ఆ పరీక్ష రాయలేదు. నేను చూడ్డానికి వెళ్లినప్పుడు మర్యాదగా మాట్లాడింది, మళ్లీ రమ్మనలేదు. అది న్యాయమే.

ఈ ఉదయం కొత్తగా చేరిన ఇంజనీరు డ్రాయింగు చుట్ట చంకలో పెట్టుకుని నన్నే గమనిస్తున్నాడు. ముగ్గు గీత ఒక టిఫిన్ బండి దాకా వచ్చింది. అతని చూపు బండి మీదికీ, నా చేతి మీదికీ తిరిగింది. ఆ చూపు నాకు బాగా తెలుసు.

"మేడమ్, ఆ బండివాళ్లు మీకు తెలిసినవాళ్లా?"

"మంచి ప్రశ్న అడిగావు," అన్నాను. "ఇక ఆ డ్రాయింగు విప్పు. దాన్నీ అడుగు. నాతోపాటు ఒక గంట ఇక్కడే కూర్చో, వెళ్లిపోవద్దు."

అతను అయిష్టంగానే పక్కనున్న అరుగు మీద కూర్చున్నాడు. ఆనాడు నారాయణగూడలో ఆ గంట నేను ఆగలేదు. అందుకే ఇప్పటికీ ఏ కాగితం మీద సంతకం పెట్టాలన్నా, ముందు ఎడమచేత్తో నా కుడి మణికట్టును ఒకసారి గట్టిగా పట్టుకుంటాను.