ఎడమ భుజం మీద ఆగిపోయిన చూపు

రావులపాలెం అరటి మార్కెట్లో గెలలు లారీకెత్తడం నా పని. చదువు నన్ను చిన్నప్పుడే వదిలించుకుంది, బరువులు మాత్రం వదల్లేదు. ఒకరోజు భుజం మీద గెలతో అరటి తుక్కు మీద కాలు జారి, లారీ అంచుకు తల కొట్టుకుని పడ్డాను. లేచి అందరితోపాటు నేనూ నవ్వాను. మర్నాడు పొద్దున చూస్తే గడ్డం ఎడమ భుజం వైపు తిరిగి, తల కుడివైపుకు ఒరిగిపోయి ఉంది. ఎంత తిప్పినా నేరుగా రాదు.

మెడ పట్టేసిందన్నారు అందరూ. మా ఇళ్ళల్లో మెడ పట్టేస్తే మొదటి వైద్యం దిండుకే. మా ఆవిడ నా దిండును తిరగేసి మరీ ఎండబెట్టింది. దూది పొంగి దిండు కళకళలాడింది కానీ నా మెడ ఉన్నచోటే ఉంది. టీ కొట్టు దగ్గర ఎవరో ఒకాయన, నేను తననే చూస్తున్నాననుకుని, మొహమాటపడి నాకూ ఒక టీ చెప్పాడు.

వారం దాటినా తగ్గకపోయేసరికి మా బావ వచ్చాడు, మా అక్క మొగుడు. ఆయన ఎదురుకాళ్ళతో పుట్టాడు. అలా పుట్టినవాళ్ళు కాలితో తంతే పట్టు వదులుతుందని మా వైపు నమ్మకం. నడుం పట్టినవాళ్ళు ఆయన గుమ్మంలో వరసగా బోర్లా పడుకోవడం నాకు తెలుసు. నన్నూ చాప మీద పడుకోబెట్టారు. బావ కాళ్ళు కడుక్కొచ్చి, మడమను నా మెడ మీద ఆనించాడు. ఇంకా తన్నలేదు. ఆనించాడంతే, నా రెండు చేతుల వేళ్ళ దాకా చీమలు పాకాయి.

"బావా, కాలు తియ్యి. చేతులు తిమ్మిరెక్కుతున్నాయి" అన్నాను.

నా ప్రతి మాటకీ నవ్వే మనిషి ఈసారి నవ్వలేదు. "నడుం వరకేరా నా వైద్యం. పద, కాకినాడ పోదాం" అన్నాడు.

తెలిసినవాళ్ళ కారులో, దారంతా మా ఆవిడ రెండు చేతులతో నా తల కదలకుండా పట్టుకుంది. ఆసుపత్రిలో ఎక్స్‌రే అబ్బాయి నేరుగా చూడమన్నాడు. నేను నేరుగానే చూస్తున్నానని, గోడే పక్కకి జరిగిందని చెప్పాను. ఆ ఎక్స్‌రేలో ఏమీ తేలలేదు. డాక్టరమ్మ గారు సీటీ స్కాన్ తీయించి, మెడలో అన్నిటికన్నా పై ఎముక ఉంగరంలా ఉంటుందని, కింది ఎముక మేకులా దానిలోకి లేస్తుందని, నా ఉంగరం మేకు మీద తిరిగి ఇరుక్కుపోయిందని చూపించారు. ఎక్కువగా చిన్నపిల్లల్లో చూస్తారట, పెద్దవాళ్ళలో అరుదట. అయితే పిల్లల వార్డులో మంచం ఇప్పించమన్నాను.

తన్ని ఉంటే ఏమయ్యేదని బావ అడిగాడు. కాళ్ళూ చేతులూ పడిపోయి ఉండేవేమోనన్నారు డాక్టరమ్మ గారు. బావ తన కాళ్ళు రెండూ బెంచీ కిందకి లాక్కున్నాడు.

గడ్డం కింద పట్టీ కట్టి, తాడుకు బరువులు వేలాడదీసి, కండరాలు వదులయ్యే మందులిచ్చారు. ఎముక చోటికి వస్తే మెడ చుట్టూ కదలకుండా పట్టా వేస్తే సరిపోతుందన్నారు. మళ్ళీ జారితే రెండు ఎముకలనూ స్క్రూలతో కలిపేయాలి, అప్పుడు మెడ తిరగడం సగానికి సగం పోతుంది. వెనక్కి వచ్చే లారీని తిరిగి చూడలేనివాడికి మార్కెట్లో పనెక్కడిది? ఆ రోజు నాకు ఒక్క జోకూ తట్టలేదు.

తర్వాత ఒక మధ్యాహ్నం మెడలో ఏదో మెత్తగా కదిలింది. కంటికొసన తిరిగే ఫ్యాను నా ముక్కుకు ఎదురుగా వచ్చింది. స్కాన్‌లో ఎముక చోటికి చేరిందన్నారు. ఇక నెలల తరబడి గట్టి పట్టా. తల ఊపడానికి లేదు కాబట్టి మా ఆవిడ చెప్పిన ప్రతిదానికీ నోరు తెరిచి సరేననాల్సి వచ్చేది.

పట్టా తీసిన రోజు మళ్ళీ స్కాన్ చూసి, డాక్టరమ్మ గారు మెడ తిప్పమన్నారు. ఎడమవైపు సులువుగా వెళ్ళింది. కుడివైపు కొంచెం వెళ్ళి భయంతో ఆగాను. డాక్టరమ్మ గారు నా భుజం మీద చెయ్యి వేసి, "ఎముక నిలబడిందండి. మెల్లగా తిప్పండి" అన్నారు. తిప్పాను. కిటికీ వచ్చింది, తలుపు వచ్చింది.

"ఇంకొంచెం తిప్పగలరా?"

"అటు చూడ్డానికి ఏమైనా ఉంటే తిప్పుతానండి" అన్నాను.

మా ఆవిడ లేచి అటుపక్కకు వెళ్ళి నిలబడింది.