అత్త కత్తికి వంకాయ రంగు

1943 వేసవిలో నన్ను బెంగళూరులోని ఒక యుద్ధ సామగ్రి ఫ్యాక్టరీలో, హీట్ ట్రీట్‌మెంట్ విభాగానికి జూనియర్ ఇన్‌స్పెక్టరుగా వేశారు. ఉక్కును కాల్చి, చల్లార్చి, గట్టిపరిచే విభాగమది. ఆ గట్టిదనం పరీక్షించడం నా పని. అందుకు వజ్రపు మొనను ఉక్కులోకి నొక్కే యంత్రం ఉండేది. మొన ఎంత తక్కువ దిగితే ఉక్కు అంత గట్టిదన్నమాట. యంత్రం ఖాళీ లేనప్పుడు ఆకురాయితో గీసి చూసేవాళ్ళం. పట్టు దొరక్క ఆకురాయి జారిపోతే ఆ ఉక్కు మహా గట్టిది; సులువుగా అరిగితే మెత్తనిది.

అప్పట్లో బళేపేటలో మా మేనత్త ఇంట్లో ఉండేవాణ్ణి. ఆవకాయ రోజుల్లో వీధిలోని తెలుగువాళ్ళంతా మామిడికాయలు అత్త దగ్గరికే తెచ్చేవారు. టెంకతో సహా ముక్క కొట్టడంలో తనకు సాటి లేదని ఆమే చెప్పేది, మేమూ ఒప్పుకునేవాళ్ళం. కిందటేడు మాత్రం సగంలో కత్తి అంచు మడతపడి, మిగిలిన గంపలు ఎదురింటావిడ దగ్గరికి పోయాయి. ఆ సంగతి ఎత్తినవాడికి ఆ పూట మజ్జిగ లేనట్టే.

అందుకే ఈసారి, ఆకురాయి కూడా అంటకూడదని పట్టుబట్టి, అత్తిబెలె ఊరి కమ్మరితో కొత్త కత్తి చేయించింది. పిడి వేయించక ముందే పసుపు రాసి, కుంకుమ పెట్టి పూజ చేసేసింది. మర్నాడే కాయలు వస్తాయి. ఫ్యాక్టరీ పరీక్ష ఇంట్లో చేసి చూపించమంది. పిడి వైపు అంచు మీద ఆకురాయి పెట్టాను. గాజు మీద పెట్టినట్టు జారిపోయింది.

"చూస్తివా, ఎంత గట్టిగా ఉండాదో," అంది అత్త.

నా భయం కూడా అదే. అంత గట్టి ఉక్కు పెళుసు. టెంక మీద దెబ్బ పడితే అంచు పెచ్చులూడుతుంది. ఆ పెచ్చు ఎవరి జాడీలో పడిందో ఎవరికీ తెలియదు. మళ్ళీ కాస్త వేడి చేసి పెళుసుదనం తీయాలన్నాను. దీన్నే మేము టెంపరింగ్ అంటాం.

"పూజ చేసిండే కత్తిని పొయ్యి మీద పెడతావేమప్పా?"

"పొయ్యికి కూడా నువ్వు రోజూ పసుపు కుంకుమ పెడతావు కదత్తా."

"మాటలు బాగా నేర్పించినారు మీ ఫ్యాక్టరీలో," అని అత్త బొరుగులు వేయించే బాణలిలో ఇసుక పోసి పొయ్యి మీద పెట్టింది.

కత్తిని ఇటుక పొడితో మెరిసేలా తోమి, వీపు ఇసుకలోకి, అంచు పైకి ఉండేలా నిలిపాను. వేడెక్కే ఉక్కు మీద రంగులు పాకుతాయి. ముందు ఎండుగడ్డి రంగు, తర్వాత తేనె రంగు, ఆ పైన వంకాయ రంగు, చివరికి నీలం. అంచుకు వంకాయ రంగు అందగానే తీసేయాలి. నీలమయిందా, ఉక్కు మెత్తబడి మళ్ళీ కిందటేడు కథే. అత్త కట్టెలు వెనక్కి లాగుతూ మంట చూసుకుంది, నేను రంగు చూసుకున్నాను. రంగు అందగానే పట్టకారుతో తీసి నీళ్ళలో ముంచాను. ఈసారి ఆకురాయి కొద్దిగా పట్టింది, కొద్దిగానే.

అత్త కత్తికి మళ్ళీ పసుపు కుంకుమ పెట్టింది. మర్నాడు పొద్దున్నే పిడి వేయించి చివరి గంప దాకా కొట్టింది. అంచు మడతపడలేదు, పెచ్చు ఊడలేదు. సాయంత్రానికి ఎదురింటావిడ కూడా తన కాయలు పట్టుకొచ్చింది. అత్త ఒక్క దెప్పుడు మాట అనకుండా, అందరి కాయల కన్నా ఆమె కాయలే ముచ్చటగా కొట్టి ఇచ్చింది. అత్త మీద నాకున్న ప్రేమ ఆ సాయంత్రం రెట్టింపయింది.

ఆ తర్వాత నా సర్వీసు ఉన్నన్నాళ్ళూ, పరీక్షకు ఏ పనిముట్టు వచ్చినా అదెంత గట్టిదో చూసే ముందు, దానితో దేన్ని కొడతారని అడిగేవాణ్ణి. జవాబు తెలియకుండా దేన్నీ పాస్ చేయలేదు.