గార్డీ క్రూప్కే అడ్డగోలు బేరాలు

గార్డీ క్రూప్కే బుద్ధెరిగిన నాటి నుంచి ఎవరికీ ఒక్క న్యాయమైన బేరం పెట్టి ఎరగడు. మల్లెట్ క్రీక్ ఊళ్లో ఎవర్నడిగినా ఈ మాటే చెబుతారు. కొందరు నవ్వుతూ చెబుతారు, కొందరు పళ్లు కొరుకుతూ చెబుతారు. డార్లా మాత్రం రెండూ ఒకేసారి చేస్తూ చెబుతుంది. ఆ బేరాల్లో చాలావరకు ఆవిడ కళ్లముందే జరుగుతాయి మరి.

డార్లాకి ఊరి చివర హోటలుంది. శుక్రవారం వచ్చిందంటే అక్కడ చేపల వేపుడు కోసం జనం బారులు తీరతారు. ఆ హోటలు వెనక గదిలో ఆవిడ ఇరవై రెండేళ్లుగా ఓ అమెరికన్ ఫుట్‌బాల్ ఫాంటసీ లీగ్ నడుపుతోంది. పదిమంది మనుషులు, పది ఉత్తుత్తి జట్లు. ఆటగాళ్లు మాత్రం ఆదివారం టీవీలో ఒళ్లు హూనం చేసుకునే అసలు మనుషులే. వాళ్లక్కడ పరిగెడితే వీళ్లకిక్కడ పాయింట్లు. మామూలు లీగుల్లో ఏటా జట్లు చెరిపేసి మళ్లీ మొదలుపెడతారు. ఇది డైనస్టీ లీగ్. ఒకసారి నీ జట్టులోకి వచ్చినవాడు ఆట మానేసేదాకా నీవాడే, నువ్వు ఇంకొకరికి ఇచ్చుకుంటే తప్ప. ఏటా మే నెలలో, కాలేజీల నుంచి కొత్తగా వచ్చిన రూకీలను వంతులవారీగా పంచుకుంటారు. అట్టడుగున ఉన్నవాడికి మొదటి వంతు. ఆటగాళ్లను మార్చుకోవచ్చు, వంతులనూ మార్చుకోవచ్చు. గార్డీ ప్రాణమంతా ఆ మార్చుకోవడంలోనే ఉంది.

గార్డీ దగ్గర ఓ కిక్కర్ ఉన్నాడు. బంతిని కాలితో తన్నడం తప్ప ఇంకో పని లేని మనిషి, నలభై రెండేళ్లవాడు, మోకాలికి రెండు ఆపరేషన్లు అయ్యాయి. ఇరవై రెండేళ్ల పరుగుల వీరుడెవడైనా కంటపడితే చాలు, గార్డీ ఈ కిక్కర్‌ను బదులిస్తానని బేరం పెట్టేవాడు. పైగా కొసరుగా వచ్చే ఏడాది పంపకంలో వాళ్ల మూడో వంతు కూడా అడిగేవాడు. ఫోనులో పంపే ప్రతి బేరం కిందా ఒకటే మాట రాసేవాడు: "తొందరేం లేదు, నిదానంగా ఆలోచించుకో."

లీగ్‌లో ఫెన్నర్ అనే పళ్ల డాక్టరుండేవాడు. ఒకసారి గార్డీ పన్ను పీకించుకోవడానికి ఆయన కుర్చీలో పడుకున్నాడు. నోట్లో దూది, చెంపకి మత్తు, మాట బయటికి రావడం లేదు. డాక్టరు పట్టకారు అందుకున్నాడో లేదో, గార్డీ జేబులోంచి పెన్ను తీసి మెళ్లో కట్టిన కాగితం తువ్వాలు మీద ఏదో గీకాడు. మందులేవైనా పడవేమోనని డాక్టరు కంగారుగా వంగి చదివాడు. 'నీ రెండో వంతు ఇవ్వు. కిక్కర్‌ను తీసుకో.'

"ఇవ్వను. నోరు తెరు," అన్నాడు డాక్టరు.

గార్డీ ఠపీమని నోరు మూసేశాడు. పావుగంట దాకా తెరవలేదట.

రూకీల విలువ కట్టడంలో కూడా ఆయన దారి ఆయనదే. మిగతావాళ్లు పరుగు వేగం చూసేవారు, ఎత్తూ బరువూ చూసేవారు. గార్డీ మాత్రం కుర్రాడు బస్సు ఎలా దిగుతున్నాడో చూసేవాడు. నలభై ఏళ్లు పాల లారీ తోలి, రోజుకి అరవై సార్లు ఎక్కి దిగిన మనిషి కదా! జట్టు బస్సులు ఆగే వీడియోలు ఎక్కడున్నా వెతికి పట్టుకునేవాడు.

"అమ్మాయ్, ఇటు చూడు," అంటూ డార్లా ముఖం మీదికి ఫోను తోసేవాడు. "కమ్మీ పట్టుకుని దిగుతున్నాడా? రెండేళ్లలో మోకాలు పోతుంది. ఇదిగో వీణ్ణి చూడు, ఈ మే నెలలో పంపకానికొచ్చే హటన్. మెట్టు దిగినట్టే లేదు, గడప దాటినట్టుంది. వీడు మహా గట్టివాడు."

"గార్డీ, అవతల నూనె మాడుతోంది."

"మాడనీ. వీడు నాక్కావాలి."

ఇలాంటి మనిషితో ఎల్డన్ యోర్గెన్సన్‌కి నలభై ఏళ్ల స్నేహం. ఎల్డన్ పాడిరైతు. మాట తక్కువ. ఆయన మాట్లాడాల్సినవన్నీ భార్య బెర్నిస్ మాట్లాడేది. ఓ ఏడాది పంపకం రోజున ఎల్డన్ లారీ నిలపడానికి వెళ్లిన సమయంలో ఆయన వంతు వచ్చేసింది. చేపలు తిందామని వచ్చిన బెర్నిస్, టీవీలో కనపడిన ఓ సన్నటి కుర్రాణ్ణి చూపించి, "ఆ అబ్బాయి. ముందు వాళ్లమ్మని కూచోబెట్టి, తర్వాత తను కూచున్నాడు," అంది. గది గదంతా గొల్లున నవ్వింది. ఆ కుర్రాడి పేరు ఆంబ్లర్. మొదటి ఏడాదంతా ఆడించేవాళ్లు లేక బల్లకే అతుక్కుపోయాడు. రెండో ఏడాది వాణ్ణి ఆపగలిగినవాడు లేడు.

ఆ ఏడాది నవంబరులోనే బెర్నిస్ పోయింది.

ఎల్డన్ ఫోను ఎత్తడం మానేశాడు. శుక్రవారాలు రావడం మానేశాడు. ఎవరైనా ఇంటికెళితే గొడ్ల చావిట్లో పనుందని లోపలికి పోయేవాడు. ఆదివారాలు ఆడే మనుషుల పేర్లు మార్చక, కాళ్లు విరిగినవాళ్లనే జట్టులో ఉంచేశాడు. జట్టు అట్టడుగుకి పోయింది.

డైనస్టీ లీగ్‌కి యజమాని లేని జట్టు పెద్ద గండం. ఒకటి ఖాళీ అయితే మిగతావీ చెదిరిపోతాయి. అందుకే డార్లా మొదట్లోనే రెండు నియమాలు పెట్టింది. ఇరవై ఒక్క రోజులు ఏ కదలికా లేకపోతే జట్టు పోతుంది. పంపకం రోజు ఒంటిగంటకల్లా మనిషి రాకపోయినా పోతుంది. నియమాలు రాసేటప్పుడు అవి ఎల్డన్ మెడకి చుట్టుకుంటాయని ఆవిడ కలలో కూడా అనుకోలేదు.

ఏప్రిల్ చివర్లో ఆవిడ మరిది కర్ట్ వచ్చాడు. లీగ్‌లో చోటు కోసం ఆరేళ్లుగా కాచుక్కూచున్న మనిషి.

"వదినా, ఎల్డన్ ఆడటం మానేశాడుగా. ఇంకా ఎందుకు ఊగిసలాడతావు? ఆ జట్టు నాకిచ్చెయ్."

"చూస్తాలే," అంది డార్లా. మనసొప్పక పోయినా, నిర్వాహకురాలు కాబట్టి ఫోనులో లీగ్ తెరిచి ఎల్డన్ జట్టు పాత లెక్కంతా తిరగేసింది.

నవంబరులో గార్డీ ఒక బేరం పెట్టాడు. డార్లా కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివింది. తన జట్టులో అందరికన్నా మంచివాణ్ణిస్తానన్నాడు, బదులు ఎల్డన్ జట్టులోని ఇద్దరు మామూలువాళ్లు చాలన్నాడు! గార్డీ చేతుల మీదుగా ఒక న్యాయమైన బేరం, కాదు, దానధర్మం! ఎల్డన్ పలకలేదు. వారం తర్వాత ఇంకోటి, అదీ మర్యాదైనదే. పలకలేదు. జట్టులో ఏ కదలికా లేని ఇరవయ్యో రోజున మూడోది: 'ఆంబ్లర్‌ని ఇవ్వు. కిక్కర్‌ను తీసుకో. కొసరుగా మూడో వంతు.' దానికి జవాబు మూడు నిమిషాల్లో వచ్చింది. 'తిరస్కరించడమైనది.'

ఆ తర్వాత సరిగ్గా పందొమ్మిది రోజులకొకటి. అన్నీ ఆంబ్లర్ కోసమే, ఒకదాన్ని మించి ఒకటి సిగ్గుమాలిన బేరం. అన్నిటికీ నిమిషాల్లో తిరస్కారం. తిరస్కారం కూడా కదలికే. మొత్తం తొమ్మిదిసార్లు ఎల్డన్ జట్టు పోకుండా నిలిచింది అలాగే. మర్యాదగా పలకరిస్తే లేవని మనిషి, బెర్నిస్ ఎంచిన పిల్లాడి జోలికొస్తే మాత్రం లేస్తాడని గార్డీ కనిపెట్టాడు.

గార్డీని నిలదీస్తే ముఖం గంటుపెట్టుకున్నాడు. "నీ మొహం. నాకు నిజంగానే ఆ కుర్రాడు కావాలి. నా బేరం నేను ఆడుకుంటుంటే నీకెందుకు?"

మే నెల శనివారం వచ్చింది. తొమ్మిదిమంది వెనక గదిలో కూచున్నారు. ఎల్డన్ కుర్చీ ఖాళీ. కర్ట్ గుమ్మంలో కొత్త టోపీ పెట్టుకుని నిలబడ్డాడు.

"ఎల్డన్ రాకపోతే మొదటి వంతు ఎవరికి పోతుంది?" అన్నాడు డాక్టరు ఫెన్నర్.

"తర్వాతి వంతు వాడికి," అంది డార్లా. "గార్డీకి."

"ఇంకేం, హటన్ నీవాడే!" అని అందరూ గార్డీ వీపు తట్టారు. బస్సు దిగే హటన్‌ని గార్డీ ఎన్నిసార్లు చూశాడో గదిలో అందరికీ తెలుసు. ఆయన ఎవరికి చూపించలేదు గనక?

గార్డీ నవ్వలేదు. ముందున్న చేప ముట్టలేదు. పన్నెండుంపావుకి ఫోను తీసి ఒక్క వేలితో చాలాసేపు కొట్టాడు. పంపకం రోజు బేరాలన్నీ నిర్వాహకురాలికీ వస్తాయి కాబట్టి ఆవిడ ఫోను కూడా మోగింది. డార్లా చదివింది: 'ఆంబ్లర్‌నీ, నీ మొదటి వంతునీ ఇచ్చెయ్. కిక్కర్‌ను తీసుకో. ఎంతైనా బెర్నిస్ ఎంచినవాడు, అంతకన్నా ఏం పలుకుతాడు? ఆవిడకి ఆటేం తెలుసు?'

డార్లా ఆయన్ని వంటగదిలోకి లాక్కుపోయింది. "నీకు మతిపోయిందా? చచ్చిపోయిన మనిషినా అనేది? వెనక్కి తీసుకో!"

"తీసుకోను."

"తుపాకీ పట్టుకొస్తాడు!"

"రానీ," అన్నాడు గార్డీ. "ఏది పట్టుకొచ్చినా సరే. వస్తే చాలు."

మూడు నిమిషాలైంది. ఐదైంది. పావుగంటైంది. తిరస్కారం రాలేదు. ఎల్డన్ కోపం కూడా చచ్చిపోయిందేమోనని డార్లాకి భయం పట్టుకుంది. గార్డీ గోడ గడియారం మీంచి చూపు తిప్పలేదు. ఒంటిగంటకి ఎనిమిది నిమిషాలుందనగా బయట లారీ ఒకటి కీచుమంటూ ఆగింది.

ఎల్డన్ చావిట్లో తొడుక్కునే బూట్లతోనే లోపలికొచ్చాడు. కర్ట్‌ని పక్కకి నెట్టి, తిన్నగా గార్డీ ముందు నిలబడి వేలెత్తాడు.

"దానికి ఆటేం తెలుసంటావా? ఒరేయ్, మీరంతా నవ్విన రోజున అది ఎంచింది వాణ్ణి! వాడు పోయిన ఏడాది పదకొండు టచ్‌డౌన్లు చేశాడు, పదకొండు! నువ్వు నీ బస్సుల్ని చూసి ఏరుకున్న సన్నాసులంతా కలిపి నాలుగు! నీ కిక్కర్‌నెత్తుకెళ్లి నీ పెరట్లో పాతుకో!"

అలా ఆయన పది నిమిషాలు తిట్టాడు. ఆర్నెల్లలో ఎల్డన్ అన్నేసి మాటలు మాట్లాడింది అదే మొదలు. ఎవరూ అడ్డం పోలేదు. గార్డీ అయితే కచేరీ వింటున్నవాడిలా తలాడిస్తూ కూచున్నాడు.

ఊపిరి తీసుకోవడానికి ఎల్డన్ ఆగినప్పుడు డార్లా మెల్లిగా అంది. "ఎల్డన్, మొదటి వంతు నీది."

"నాకు తెలుసు. హటన్."

"అయ్యో!" అని గార్డీ నిజంగానే రెండు చేతులతో తల పట్టుకున్నాడు. గది గొల్లున నవ్వింది. కర్ట్ టోపీ తీసి జేబులో కుక్కుకుని, తనకో ప్లేటు చేపలు చెప్పుకున్నాడు.

పంపకం అయ్యాక అంతా లేచారు. ఎల్డన్ మాత్రం లేవలేదు. బల్లకి అవతల ఉన్న గార్డీ వంక చూశాడు. ఇప్పుడు గొంతు తగ్గింది.

"బెర్నిస్‌ గురించి రాసింది, నిజంగానే అన్నావేంట్రా?"

గార్డీ ఓ బీరు సీసా మూత ఊడదీసి ఎల్డన్ ముందు పెట్టాడు. "ఒరేయ్ వెర్రివాడా, ఆవిడకి ఆట తెలీదనుకుంటే, ఆవిడ ఎంచినవాడి కోసం పదిసార్లు అడిగేవాణ్ణా?"

ఎల్డన్ కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత ఫిక్కుమని నవ్వాడు.

"అయినా ఇవ్వను," అన్నాడు.

"ఎవరడిగారు? తిను, చల్లారిపోతోంది."

ఎల్డన్ కుర్చీ దగ్గరికి జరుపుకుని, గార్డీ ప్లేటులోంచి చేప ముక్క తీసుకున్నాడు.